రైలుకూ బస్సుకూ నడుమ

మార్కాపురం రోడ్డులో దిగిన శ్రీశైలం యాత్రికుడికైనా, గిద్దలూరులో బండి దిగి కొమరోలు బస్సు కోసం చూసే మనిషికైనా గంటల తరబడి ఎదురుచూపు తప్పదు. ఆ గంటల్లో పశ్చిమ ప్రకాశం చూపించగలిగింది చాలా ఉంది.

అమెరికా వెళ్లే మన పిల్లలు దోహాలోనో అబుదాబిలోనో విమానం మారతారు. నడుమ ఎనిమిది గంటలు దొరికితే ఊరకే కూర్చోరు. బయటికి వెళ్లడానికి వీసా కావాలా, మ్యూజియం ఎంత దూరం, తిరిగి ఎన్నింటికల్లా వచ్చెయ్యాలి అన్నీ ముందే ఫోన్లో చూసి పెట్టుకుంటారు. అదే పిల్లలు సెలవులకు వచ్చి, అమ్మానాన్నలను శ్రీశైలం తీసుకెళ్తూ మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగితే తెల్లారేదాకా బెంచీ మీద బ్యాగు తలకింద పెట్టుకుని పడుకుంటారు. తెల్లారాక బస్సెక్కి వెళ్లిపోతారు. తాము ఆగిన ఊళ్లో ఏముందో వాళ్లకెవరూ చెప్పరు. తెలుసుకోవాలన్న ఆలోచన వాళ్లకూ రాదు.

ఈ కథనం ఆ గంటల గురించి.

గుంటూరు నుంచి నంద్యాల మీదుగా గుంతకల్లు పోయే రైలు మార్గంలో దొనకొండ, మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం, గిద్దలూరు, దిగువమెట్ట వరసగా వస్తాయి. హౌరా నుంచి గోవా పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్, భువనేశ్వర్ నుంచి బెంగళూరు పోయే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఈ దారినే నడుస్తాయి. శ్రీశైలానికి రైలు లేదు. కోస్తా నుంచి రైల్లో వచ్చే భక్తులు చాలామంది మార్కాపురం రోడ్డులోనే దిగి, దోర్నాల మీదుగా ఎనభై కిలోమీటర్ల పైచిలుకు బస్సు ప్రయాణం చేయాలి. దోర్నాల దాటగానే నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం మొదలవుతుంది. మన దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం ఇదే. వన్యప్రాణులు రోడ్డు దాటే వేళ కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఆ ఘాట్ రోడ్డుపై వాహనాలను వదలరు. శివరాత్రి లాంటి రోజుల్లో సడలింపు ఇస్తారు కానీ మామూలు రోజుల్లో గేటు దగ్గర ఆగాల్సిందే. రాత్రి రైలు దిగినవాళ్లు ఎంత తొందరపడినా ఫలితం ఉండదు. పులికి వదిలిన ఆ తొమ్మిది గంటలు న్యాయమైనవే. కాబట్టి తొందర మానుకుని ఆ సమయాన్ని ఎలా వాడుకోవాలో ఆలోచించడం మేలు.

ఆగిన చోటే పెరిగిన ఊళ్లు

ఈ లైను పుట్టుకే ఒక విపత్తు నుంచి. 1876–78 నాటి మహాకరువు రాయలసీమను, కర్నూలు జిల్లాను ఊడ్చిపెట్టింది. మళ్లీ కరువొస్తే ధాన్యం చేరవేయడానికి దారి ఉండాలని బళ్లారి–కృష్ణా స్టేట్ రైల్వే పేరుతో మీటరుగేజి లైను వేశారు. 1890 నాటికి బండ్లు నడిచాయి. అప్పట్లో గిద్దలూరు, కంభం, మార్కాపురం కర్నూలు జిల్లాలోనివి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. రెండేళ్లకు ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. అందుకే ఈ స్టేషన్లలో దిగినవాడి చెవికి ఒంగోలు యాస కన్నా ‘యాడికి పోవాలన్నా?’ అన్న మాటే ముందు వినిపిస్తుంది. పొద్దున టిఫిన్ బండి దగ్గర ఇడ్లీతోపాటు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

బొగ్గు ఇంజను కొంత దూరం నడిచాక నీళ్లు, బొగ్గు, కొత్త సిబ్బంది కావాలి. దొనకొండకు లోకో షెడ్డు అందుకే వచ్చింది. రైల్వే క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, చుట్టూ బజారు అన్నీ ఆ షెడ్డును పట్టుకుని పెరిగాయి. 1990లలో లైను బ్రాడ్‌గేజిగా మారింది, డీజిలు ఇంజన్లు వచ్చాయి. ఇంజను ఆగాల్సిన పని పోయింది, ఊరి వెలుగూ తగ్గింది. అదే దొనకొండలో బ్రిటిష్ కాలం నాటి విమానాశ్రయం ఒకటి ఉందని జిల్లా దాటితే చాలామందికి తెలియదు. స్థలం ఇప్పటికీ ఉంది. ప్రయాణికుల విమానాలు లేవు. దాన్ని బాగుచేయాలన్న మాట ప్రభుత్వాలు మారినప్పుడల్లా లేస్తుంది, మళ్లీ చల్లబడుతుంది.

దొనకొండ లాంటి ఊరే ఉత్తరాన, కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవిలో ఉంది. దాని పేరు గాండర్. అట్లాంటిక్ మహాసముద్రం దాటే విమానాలు ఇంధనం నింపుకోవడానికి 1930లలో అక్కడ విమానాశ్రయం కట్టారు. జెట్ విమానాలు వచ్చాక అక్కడ దిగే అవసరం తగ్గిపోయింది. 2001 సెప్టెంబరు 11న అమెరికా తన ఆకాశాన్ని మూసేసినప్పుడు ఒక్కసారిగా 38 ప్రయాణికుల విమానాలు గాండర్‌లో దిగాయి. పదివేల జనాభా ఉన్న ఊరికి ఆరువేల పైచిలుకు అతిథులు వచ్చిపడ్డారు. బళ్లు, చర్చిలు, క్లబ్బులు తెరిచారు. ఇళ్ల నుంచి దుప్పట్లు, వంటలు వచ్చాయి. స్నానానికి రమ్మని కొత్త మనుషులను ఇళ్లకు పిలుచుకున్నారు. కొన్ని రోజులు ఆగిన ఆ ప్రయాణికుల్లో చాలామంది ఆ తర్వాత ఊరితో బంధం నిలుపుకున్నారు. బడులకు విరాళాలు, పిల్లల చదువులకు నిధులు పంపారు.

ఐస్‌లాండ్ ఇంకో దారి పట్టింది. అమెరికాకూ ఐరోపాకూ నడుమ ఉండే ఆ చలిదేశం జనాభా నాలుగు లక్షలు దాటదు. మా విమానంలో వెళ్తూ మా దగ్గర 7 రోజుల దాకా ఆగండి, దానికి విమాన చార్జీ అదనంగా తీసుకోం అని వాళ్ల విమాన సంస్థ పిలిచింది. జనం ఆగారు. ఆ ఆగడం మీదే అక్కడ హోటళ్లు, గైడ్లు, బస్సులు బతుకుతున్నాయి.

మన రైల్వేలోనూ అలాంటి సౌకర్యం ఉంది, వాడుకునేవాళ్లు తక్కువ. ఒకే టికెట్టుపై 500 కిలోమీటర్లకు మించి పోతున్నవాళ్లు, మొదటి 500 కిలోమీటర్లు దాటాక దారిలో ఒకచోట దిగి రెండు రోజుల వరకు ఆగవచ్చు. ప్రయాణం 1000 కిలోమీటర్లు మించితే రెండుసార్లు ఆగవచ్చు. దిగిన స్టేషన్లో టికెట్టుపై రాయించుకోవాలి. ఆ తర్వాత ఎక్కే బండిలో సీటు కావాలంటే టికెట్టు తీసుకునేటప్పుడే చెప్పి రిజర్వేషన్ చేయించుకోవాలి. రాజధాని, శతాబ్ది లాంటి బండ్లలో ఇది కుదరదు. హౌరా వైపు నుంచి హుబ్లీ, గోవా పోయే ప్రయాణికుడు అదే టికెట్టు మీద కంభంలో దిగి చెరువు చూసి మర్నాడు బయల్దేరవచ్చన్నమాట.

మూడు గంటలుంటే: గుడి, పలక

మార్కాపురంలో మూడు నాలుగు గంటలే ఉంటే ఊరు దాటకండి. పొద్దున్నే లక్ష్మీ చెన్నకేశవస్వామి గుడికి వెళ్లండి. విజయనగర కాలపు పనితనం స్తంభాల్లో కనిపిస్తుంది. దర్శనం చేసుకుని చకచకా వచ్చేసేవాళ్లే ఎక్కువ కానీ, మంటపంలో ఒక మూల కూర్చుని ఒక్కో స్తంభాన్ని నింపాదిగా చూస్తే గంట తెలియకుండా గడిచిపోతుంది.

ఆ తర్వాత పలకల పని చూడాలి. తెలుగునాట కొన్ని తరాల పిల్లలు ‘ఓం నమః’ దిద్దుకున్నది మార్కాపురం పలక మీదే. ఇక్కడి నేల కింద నీలం, బూడిదరంగు కలిసిన రాయి పొరలు పొరలుగా ఉంటుంది. గనిలోంచి తీసిన దిమ్మకు అంచున ఉలి పెట్టి సుత్తితో తడితే పొర విడివడుతుంది. ఆ పొరను కోసి, నున్నగా చేసి, చుట్టూ చెక్క చట్రం బిగిస్తే పలక. చెప్పడానికి ఇంతే. ఆ రాయిని ఏ అంచున, ఎంత బలంతో తట్టాలో తెలియడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. ప్లాస్టిక్ పలక, ఆపైన నోటుపుస్తకం వచ్చి రాతి పలకను బడి నుంచి దాదాపుగా తరిమేశాయి. ఇప్పుడు ఆ రాయి ఎక్కువగా గోడలకు, నేలకు అతికించే టైల్స్‌గా విదేశాలకు పోతోంది. పలకలు, బలపాలు చేసిన కార్మికులు ఆ దుమ్ము పీల్చి ఊపిరితిత్తుల జబ్బుల పాలైన సంగతి కూడా ఇక్కడికొచ్చినవాళ్లు తెలుసుకోవాలి. పనిచేసే చోటికి వెళ్తే మాస్కు పెట్టుకోండి, అక్కడివాళ్లను అడిగి లోపలికి వెళ్లండి. ఇంట్లో అక్షరాభ్యాసానికి సిద్ధంగా ఉన్న పిల్లలుంటే రాతి పలక ఒకటి కొనండి. శ్రీశైలం ప్రసాదంతోపాటు ఇంటికి తీసుకెళ్లదగ్గ వస్తువది.

పగలు నాలుగైదు గంటల పైన ఖాళీ ఉంటే త్రిపురాంతకం వెళ్లవచ్చు. శ్రీశైలానికి తూర్పు ద్వారం అదే. కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువు వైపు బాలాత్రిపురసుందరి ఉంటారు. కాకతీయుల కాలపు శాసనాలు అక్కడ చాలా ఉన్నాయి. తూర్పు నుంచి వచ్చే యాత్రికులు ముందు ద్వారంలో ఆగి, తర్వాత మల్లన్న దగ్గరికి వెళ్లడం పాత పద్ధతి. శ్రీశైలం బస్సు కోసం ఆగినవాళ్లు తెలియకుండానే ఆ పద్ధతి పాటించినట్టవుతుంది.

కంభం చెరువు

ఈ లైన్లో ఒక్కచోటే దిగే వీలుందంటే నేను చెప్పేది కంభం. మిగతావన్నీ దాని తర్వాతే.

నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కంభం దగ్గరికి వచ్చేసరికి జంపలేరును కలుపుకుంటుంది. అక్కడ కొండల వరసలో ఒక సందు ఉంది. ఏరు ఆ సందులోంచే బయటపడాలి. విజయనగర రాజుల కాలంలో ఆ సందును కట్టతో మూసేశారు. కృష్ణదేవరాయల దేవి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని ఈ ప్రాంతపు నమ్మకం. కట్ట పొడవు దాదాపు 300 మీటర్లే. ఆ కొద్దిపాటి కట్ట వెనక నిలిచిన నీరు నిండు ఏడాదిలో ఏడు కిలోమీటర్ల పొడవున, సగటున మూడున్నర కిలోమీటర్ల వెడల్పున పరుచుకుంటుంది. కట్ట మీద నిలబడి ఒకసారి కట్టనూ, ఒకసారి నీటినీ చూడండి. అంత తక్కువ పనితో అంత నీళ్లు ఆపగలిగే చోటు ఎక్కడుందో కనిపెట్టిన మనిషి గొప్పతనం అక్కడ తెలుస్తుంది. లోతైన సందు, రెండు పక్కలా గట్టి కొండ, వెనక వెడల్పాటి లోయ. ఈ మూడూ కలిసిన చోటును కొలత యంత్రాలు లేని రోజుల్లో కాళ్లతో తిరిగి వెతికి పట్టుకున్నారు.

కంభం చెరువును అంతర్జాతీయ నీటిపారుదల, మురుగుపారుదల సంఘం 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. అదే ఏడాది కర్నూలు–కడప కాలువకూ, పోరుమామిళ్ల చెరువుకూ ఆ గుర్తింపు దక్కింది. గుర్తింపు వచ్చిందని చెరువు ఏటా నిండదు. నల్లమలలో వాన కురిస్తేనే నీళ్లు. వరుస కరువుల్లో అడుగు కనిపించి, పగుళ్లు తేలిన ఏళ్లు ఈ ప్రాంతం చూసింది. అందుకే వెళ్లడానికి అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. నిండిన చెరువు మీద సాయంత్రం కొంగలు, నీటికోళ్లు దిగే వేళ కట్ట మీద ఉండేలా చూసుకోండి. తూములు, అలుగు, కట్టకు పేర్చిన రాయి విడివిడిగా చూడండి. పిల్లలు వెంట ఉంటే నీళ్ల దగ్గరికి పోనివ్వకండి, లోతు ఎక్కువ.

స్టేషన్ నుంచి చెరువుకు ఆటోలు దొరుకుతాయి. రానూ పోనూ, అక్కడ ఆగే సమయంతో కలిపి ముందే మాట్లాడుకోండి. ‘అన్నా, రెండు గంటలు ఆగాల, మళ్లీ స్టేషన్ కాడ దింపాల’ అని ఒక్కమాట చెబితే తర్వాత గొడవ ఉండదు.

గిద్దలూరు నుంచి కొమరోలు దారిన

గిద్దలూరులో దిగేవాళ్లు ఎక్కువగా ఈ ప్రాంతపు మనుషులే. హైదరాబాదులో, బెంగళూరులో పనులు చేసుకుంటూ పండక్కి ఇంటికొచ్చేవాళ్లు, చదువుకునే పిల్లలు, కొమరోలు, రాచర్ల, బేస్తవారిపేట పల్లెలకు పోయేవాళ్లు. నీళ్లు లేక, బోర్లు ఎండి వలసపోయిన కుటుంబాలు ఈ మండలాల్లో చాలా ఉన్నాయి. ఫ్లోరైడ్ నీళ్ల బాధ ఇంకా తీరలేదు. నల్లమల కొండల కింద సొరంగాలు తవ్విన పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు నీటి కోసం ఈ జనం ఎదురుచూడటం ఒక తరాన్ని దాటింది. అలాంటి చోట పర్యాటకం గురించి రాయడమేమిటని అడిగేవాళ్లుంటారు. దిగిన ప్రయాణికుడు ఖర్చుపెట్టే వంద రూపాయలు ఆటో నడిపే అబ్బాయికీ, టిఫిన్ బండి పెట్టిన అక్కకూ నేరుగా చేరతాయి. వలసపోవాలా వద్దా అని ఊగిసలాడే ఇంటికి అది చిన్న ఆసరా.

గిద్దలూరుకు దగ్గర్లో, రాచర్ల మండలంలోని సత్యవోలులో రామలింగేశ్వర, భీమలింగేశ్వర ఆలయాలున్నాయి. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు కట్టిన బాదామి చాళుక్యుల కాలానివవి. దాదాపు పన్నెండు వందల ఏళ్లు దాటిన కట్టడాలు. అలంపురానికి బస్సుల్లో జనం వెళ్తారు, సత్యవోలు పేరు గిద్దలూరు బస్టాండులో దిగిన కొత్తవాళ్లకు ఎవరూ చెప్పరు. బేస్తవారిపేట వైపు పిటికాయగుళ్లలో పిటికేశ్వర ఆలయ సముదాయం కూడా కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోనే ఉంది. శనివారం అయితే జనం నెమలిగుండ్ల రంగనాయకస్వామి దగ్గరికి పోతారు. అది అడవిలోని చోటు, శనివారం తప్ప మిగతా రోజుల్లో అటు ప్రయాణం పెట్టుకోకండి.

కొమరోలు మీదుగా దక్షిణంగా పోయే రోడ్డు పోరుమామిళ్లకు, అక్కడి నుంచి బద్వేలుకు వెళ్తుంది. పోరుమామిళ్ల చెరువు కట్టించింది విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూర. 1369 నాటి ఆ చెరువు శాసనం ఇంజనీరింగు చదివే ప్రతి విద్యార్థీ చూడాల్సింది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు చెబుతుంది. ధర్మం తెలిసిన రాజు, నీటి శాస్త్రం తెలిసిన నిపుణుడు, గట్టి మట్టి ఉన్న నేల, దూరం నుంచి తియ్యటి నీళ్లు తెచ్చే ఏరు, దగ్గర్లోనే రాతి గని వగైరా. ఆరు దోషాలూ చెబుతుంది. కట్ట నుంచి నీరు కారడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, నడుమ మెరక ఉండటం, పెద్ద ఆయకట్టుకు కొద్ది నీరు, కొద్ది ఆయకట్టుకు ఎక్కువ నీరు. వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు రెండేళ్లు పనిచేశాయని కూడా అందులోనే ఉంది. సరిహద్దులో చెరువు కట్టడం దోషమని ఆరున్నర శతాబ్దాల కిందటే రాతిమీద చెక్కి పెట్టారు. నదీజలాల మీద నేడు నడుస్తున్న వ్యాజ్యాలు తెలిసినవాళ్లకు ఆ వాక్యం దగ్గర కళ్లు ఆగుతాయి. గిద్దలూరులో పూట ఖాళీ ఉంటే సత్యవోలు, రోజంతా ఉంటే కొమరోలులో టీ తాగి పోరుమామిళ్ల. రెండూ ఒకే పూటలో పెట్టుకోకండి, రెండూ సరిగ్గా చూడలేరు.

అడవిని తొందరలో చూడొద్దు

చాలామంది బస్సు దొరికేలోపు అలా నల్లమలలోకి వెళ్లొద్దామనుకుంటారు. వద్దు. దోర్నాల దాటాక తుమ్మలబైలు దగ్గర, నంద్యాల వైపు పచ్చర్ల దగ్గర అటవీ శాఖ సందర్శకుల కోసం ఏర్పాట్లు చేసింది. వాటికి ఒక రోజు పూర్తిగా కేటాయించి వెళ్లాలి. చెంచుగూడేలను చూడ్డానికని కారు దిగి, అడక్కుండా ఫొటోలు తీసే అలవాటు అసలు వద్దు. అక్కడున్నవి వాళ్ల ఇళ్లు.

అడవిని చూడాలనుంటే పగటి పూట నంద్యాల వైపు పోయే బండి ఎక్కి కిటికీ పక్కన కూర్చోండి. దిగువమెట్ట నుంచి గాజులపల్లె వరకు రైలు నల్లమలను చీల్చుకుంటూ సొరంగాల్లోంచి, వంపుల మీదుగా పోతుంది. పాత మీటరుగేజి దారి మీది దొరబావి వంతెన స్తంభాలు ఆ అడవిలోనే ఉన్నాయి. బ్రాడ్‌గేజి వచ్చినప్పుడు లైను అక్కడ దారి మార్చుకుంది, స్తంభాలు మిగిలిపోయాయి. ఈ రైలు కిటికీకి విడిగా టికెట్టు లేదు, అనుమతీ అక్కర్లేదు.

వేసవిలో వచ్చేవాళ్లకు హెచ్చరిక. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి ఎండ రాళ్లలోంచి కూడా కొడుతుంది. పగలు పదకొండు నుంచి నాలుగు వరకు గుడి మంటపమో స్టేషనో తప్ప వేరే మాట అనుకోకండి. తాగే నీళ్లు సీలు వేసినవో, శుద్ధి చేసిన నీళ్ల ప్లాంటువో తీసుకోండి. తిరుగు బస్సు వేళ ఫోన్లో చూసి నమ్మకుండా డిపో విచారణ కిటికీలో అడగండి. బండి వేళకు గంట ముందే స్టేషన్ చేరండి, ఆ గంట కోసం ఇంకో గుడి చూడాలన్న ఆశ పడకండి.

ఇక స్టేషన్ల పెద్దలకు, ఊళ్ల పెద్దలకు ఒక మాట. అమృత్ భారత్ పథకంలో దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్లన్నీ ఉన్నాయి. ముఖద్వారాలకు, ప్లాట్‌ఫారాలకు డబ్బు వస్తోంది. దానితోపాటు నాలుగు పనులు చేయండి. సామాను దాచుకునే గది ఒకటి ప్రతి స్టేషన్లో తెరవండి, చేతిలో మూడు బ్యాగులున్న మనిషి ఎక్కడికీ పోలేడు. ఆడవాళ్లు రాత్రంతా భయం లేకుండా కూర్చోగల వెయిటింగ్ హాలు, శుభ్రమైన మరుగుదొడ్డి ఇవ్వండి. తెల్లవారుజామున స్టేషన్ నుంచే బయల్దేరే ఆర్టీసీ బస్సు ఒకటి నడపండి. బయటికి రాగానే కనిపించేలా తెలుగులో పెద్ద బోర్డు పెట్టండి. అందులో కంభం చెరువు, సత్యవోలు, త్రిపురాంతకం ఎంత దూరమో, ఆటోకు న్యాయమైన చార్జీ ఎంతో రాయండి. కోట్లు అక్కర్లేదు, మున్సిపాలిటీ, రైల్వే, ఆర్టీసీ అధికారులు ఒక పూట కలిసి కూర్చుంటే అయ్యే పనులివి. వచ్చే కార్తీక మాసానికల్లా ఆ బోర్డయినా పెట్టించండి.